మా బావ అరచేతిలో గడ్డ

మా బావ పోయిన కబురు నాకు పటాన్‌చెరు బస్టాండులో తెలిసింది. నేను ఫ్యాక్టరీ టైమాఫీసులో గుమాస్తాను. పొద్దున్నే డ్యూటీకి పోతున్నాను. సంగారెడ్డి బస్సు దిగిన ఒకాయన, ముఖపరిచయమే తప్ప పేరు తెలియదు, నన్ను చూసి ఆగాడు. "సార్, గడ్డచెయ్యి సేటు పొద్దుగాల పోయిండట. గుండె ఆగిందంటున్నరు. మీకేమన్న అయితడా ఆయన?" అన్నాడు.

అవుతాడు. మా అక్క భర్త. నేను నిక్కర్లు వేసుకునే రోజుల్లో మా ఇంటి అల్లుడై వచ్చి, నాకు సైకిలు నేర్పి, నా పెళ్లిచూపులకు నాకంటే ముందు తయారై కూర్చున్న మనిషి. ఆ ఒక్క ముక్క చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. దుఃఖంతో అని రాస్తే బాగుంటుంది గాని, అబద్ధం. కోపంతో పెగల్లేదు. ఆయన చేతి గడ్డ పోయి ఎన్నో ఏళ్లయింది. పేరు పోలేదు. మనిషి పోయినా పోయేటట్టు లేదు.

అందుకే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయడం పద్ధతి. మంచి మాటలే రాస్తాను. కోపం లేకుండా రాయమంటే మాత్రం నావల్ల కాదు, చదివేవాళ్లు ఏమనుకున్నా సరే.

బావ మా సంగారెడ్డి గంజ్‌లో, ఆ ధాన్యం బజారులో, దలాలీ. అంటే ధాన్యం తెచ్చిన రైతుకూ, కొనే సేటుకూ మధ్య బేరం కుదిర్చేవాడు. ఇప్పటి కుర్రవాళ్లకు తెలియదేమో, అరవైలలో మా గంజ్‌లో బేరం నోటితో జరిగేది కాదు. కుప్ప ముందు దలాలీ, సేటూ ఎదురెదురుగా నిలబడేవారు. ఇద్దరి చేతుల మీద ఒక తువ్వాల కప్పేవారు. దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకొని ధర చెప్పుకొనేవారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత, కణుపు నొక్కితే పైన చిల్లర. పైకి మాత్రం వానల గురించో, ఎవరింట్లోనో పెళ్లి గురించో మాట్లాడుతూ ఉండేవారు. చుట్టూ నిలబడ్డవాళ్లకు ఏం జరుగుతోందో అంతుబట్టేది కాదు. ఒక్కటే కట్టుబాటు. బేరం తెగేదాకా, అంటే ధర ఖాయమయ్యేదాకా, చెయ్యి గుంజుకోకూడదు. గుంజుకున్నారా, ఆ బేరం విరిగినట్టే. ఆ కుప్పను ఆ రోజు ఇంక ఎవరూ ముట్టుకునేవారు కాదు.

బావ చెయ్యి అంటే గంజ్‌లో గిరాకీ ఉండేది. మెతక మనిషే, కాని తువ్వాల కింద మొండి. పొద్దున్నే గింజలు నాలుగు నోట్లో వేసుకొని కొరికి, ఆ చప్పుడును బట్టి తేమ ఎంతుందో చెప్పేసేవాడు. బేరం మధ్యలో ఛాయ్ తాగేవాడు కాదు. సేట్లు గట్టిగా అరిచి బెదరగొడితే, "నోటికి నువ్వేమన్న చెప్పుకో సేటూ, జెర చెయ్యియ్యి" అని నవ్వేవాడు. రైతులు ఆయన కోసం రెండు గంటలైనా ఎండలో కూర్చునేవారు. ఆయన చెయ్యి తమ తరఫున ఉందన్న నమ్మకం వాళ్లది.

ఆ కుడిచేతికే వచ్చింది గడ్డ. అరచేతిలో, బొటనవేలి కింద కండ ఉంటుందే, సరిగ్గా అక్కడ. మొదట రేగుపండంత ఉండేది. రెండేళ్లు తిరిగేసరికి నిమ్మకాయంత అయింది. మెత్తగా, నొక్కితే అటూ ఇటూ జరుగుతూ ఉండేది. నొప్పి లేదు, ఎరుపు లేదు, చీము లేదు. వీపు మీదో మెడ వెనకో అయితే ఎవరూ పట్టించుకోరు. మా వీధిలోనే ఇద్దరు ముగ్గురికి ఉన్నాయి, అంగీ కింద దాగిపోతాయి. అరచేతిలో గడ్డ ఎవరూ చూసి ఎరగరు. పైగా ఆ అరచెయ్యి రోజుకు పదిమంది చేతుల్లో పడేది.

మొదట్లో బావే దాని మీద హాస్యాలాడేవాడు. "నా చేతిల లడ్డూ ఉన్నది, ఎవలికన్న కావాల్నా?" అనేవాడు. సేట్లు కూడా నవ్వేవారు. నాటువైద్యుడు ఏదో ఆకు కట్టాడు. తగ్గలేదు, పెరగనూ లేదు. పనికి అడ్డం రాలేదు కాబట్టి ఊరుకున్నాడు.

అంతలో ఒక ఏడు సైకిలు మీద ఒకాయన వచ్చాడు, కుష్టు వ్యాధి గురించి ఊరూరా తిరిగి చెప్పే ఆయన. గంజ్‌లో పదిమందిని పోగేసి, వంటి మీద స్పర్శ తెలియని మచ్చలుంటే చూపించుకొమ్మని చెప్పాడు. సూది మొనతో తాకి ఎలా చూడాలో చూపించాడు. దీనికి మందుంది, భయపడొద్దు, ఎవరినీ వెలివేయొద్దు అని కూడా చెప్పాడు. నేనక్కడే ఉన్నాను, ఆ మాటలు నా చెవులతో విన్నాను. మా ఊరు ఏం చేసిందో తెలుసా? సూది మాట గుర్తుపెట్టుకుంది. మందు మాట, భయపడొద్దన్న మాట అక్కడే దులిపేసుకొని ఇంటికి పోయింది.

ఇగ గుసగుసలు మొదలయ్యాయి. ఆ చేతి గడ్డకు నొప్పి లేదంట కదా, నొప్పి లేదంటే అదే కదా అని. గడ్డకూ దానికీ ఏం సంబంధమని అడిగినవాడు ఒక్కడు లేడు.

నూనెమిల్లు సేటు ఒకాయన ఉండేవాడు, గంజ్‌లో ఆయన మాటకు ఎదురులేదు. ఒకరోజు కిష్టారెడ్డిపేట వైపు రైతు ఒకాయన కుసుమల బండి తెచ్చాడు. కుప్ప పోశారు. బావా, ఆ సేటూ తువ్వాల కప్పుకున్నారు. బేరం సాగుతుండగా సేటు తన అంగీ చేతిలో దాచుకొచ్చిన దబ్బనం తీశాడు. గోనెసంచులు కుట్టే దబ్బనమండీ, సూది కూడా కాదు. తువ్వాల కింద దాన్ని బావ చేతి గడ్డలో గుచ్చాడు. గుచ్చి, ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

బావ కదల్లేదు. చెయ్యి తియ్యలేదు. ముఖం మీద ఈగ వాలినంత చలనం కూడా లేదు. బేరం తెగింది. తువ్వాల తీసేసరికి దాని మీద రక్తపు చుక్క ఉంది. సేటు దబ్బనం పైకెత్తి, "సూడుండ్రి! ఇంత లోపలికి దించిన, తెల్వనే తెల్వలే!" అన్నాడు.

ఆ సాయంత్రానికి సంగారెడ్డి అంతా తెలిసిపోయింది. మర్నాటి నుంచి ఎవరూ బావకు చెయ్యివ్వలేదు. తువ్వాల పట్టుకొని కుప్ప ముందు నిలబడేవాడు. సేట్లు ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కకు పోయేవారు. రైతులు పాపం ఎన్నాళ్లు ఆగుతారు? వేరే దలాలీని పిలుచుకున్నారు. పదిహేను రోజులు అలా నిలబడి, పదహారోనాడు తువ్వాల మడిచి ఇంటికొచ్చాడు.

ఒకవేళ అది నిజంగా ఆ జబ్బే అయినా, మనిషి మనిషి కాకుండా పోతాడా? ఈ ప్రశ్న అప్పుడు నాకు తోచలేదు. ఇప్పుడు రాస్తున్నాను గాని, అప్పుడు నేను చేసింది కూడా చెప్పాలి కదా.

మా పెద్దవాణ్ణి తొట్టెలలో, అదే ఉయ్యాలలో, వేసే రోజు. మేనత్త మామలే పిల్లవాణ్ణి తొట్టెలలో వేయాలి. అక్కా బావా కొత్తబట్టలు కట్టుకొని వచ్చారు. బావ చేతులు చాచాడు. నేను పిల్లవాణ్ణి ఇవ్వలేదు. "పండుకున్నడు బావా, లేస్తే ఏడుస్తడు" అన్నాను. పిల్లవాడు కళ్లు విప్పార్చుకొని ఆయన ముఖంలోకే చూస్తున్నాడు. బావ రెండు చేతులూ మెల్లగా వెనక్కు తీసుకొని కండువా కింద పెట్టుకున్నాడు. "మంచిది, పండుకోనీ" అన్నాడు. ఆ రోజు ఆయన విస్తరి వరస చివర, అందరికీ కొంచెం ఎడంగా వేశారు. ఎవరు వేశారో నాకు తెలుసు, మా అమ్మే. ఎందుకని నేను అడగలేదు.

మా అక్క ఒక్కతే ఆయన చేతిని చెయ్యిలాగా చూసింది. ఎండాకాలం మామిడికాయ తొక్కు పెట్టేటప్పుడు ప్రతి ఏడూ ఆయనే కలిపేవాడు. ఆ ఏడు కూడా ఆ చేత్తోనే కలిపించింది. ఎప్పుడూ గిన్నెలు పట్టుకొని వచ్చే చుట్టాల్లో ఒక్కరూ రాలేదు. అక్క జాడీల మీద గుడ్డ కట్టి, "పీడవాయె, మాకే ఏడాదంత ఎల్తది" అంది. కాని తర్వాత వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుంది చాలాసేపు.

రెండేళ్లయ్యాక అక్కే నా దగ్గరికి వచ్చింది. "తమ్మీ, నువ్వు సదువుకున్నోనివి. పట్నం తోలుకపోయి పెద్ద దవాఖానల సూపియ్యి. ఏమున్నా సరే, ఏమున్నదో నాకు తెల్వాలె" అంది. అదీ రెండేళ్లకు! చదువుకున్న నాకు ఆ ఆలోచన రాలేదు, చదువులేని ఆవిడకు వచ్చింది. సిగ్గుపడి తీసుకుపోయాను.

పట్నంలో డాక్టరు పెద్దాయన, తెల్లగడ్డం. బావ అలవాటుగా చెయ్యి దాచుకున్నాడు. డాక్టరు ఆ చేతిని లాక్కొని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకొని, రొట్టెల పిండి చూసినట్టు ఒత్తి చూశాడు. మూడు నిమిషాలు పట్టలేదు. "అరె మియా, యే తో చర్బీ హై! కొవ్వు. ఉత్త కొవ్వు గడ్డ. వీపుల, భుజానికి దినాం సూస్త. అరచేతిల మాత్రం ఎప్పుడో ఒకటి. ఎవలికీ అంటేది కాదు, పాణం తీసేది కాదు" అన్నాడు. నేను అక్కడి బల్ల మీద కూర్చుండిపోయాను. మూడు నిమిషాలండీ! దాని కోసం రెండేళ్లు.

అంతటితో అవలేదు. ఇలాంటి చోట రావడం అరుదు కదా, డాక్టరు తన దగ్గర చదువుకునే పిల్లలను పిలిచాడు. పదిహేను ఇరవై మంది ఉంటారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి బావ చెయ్యి పట్టుకున్నారు. ఒత్తారు, కదిపారు, వేళ్లు ముడిపించారు, విప్పించారు. మొదటి నలుగురైదుగురి దాకా బావ నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత కళ్లవెంట నీళ్లు కారడం మొదలైంది. ఒక ఆడపిల్ల కంగారుపడి చెయ్యి వదిలేసి, "నొప్పి అవుతున్నదా?" అంది.

"లేదు బిడ్డా. పట్టుకో. ఎంతసేపన్న పట్టుకో" అన్నాడు బావ.

రెండేళ్లుగా మా అక్క తప్ప ఆ చెయ్యి ముట్టుకున్నవాళ్లు లేరు. నాతో సహా. ఆ పిల్లలకు ఆ సంగతి తెలియదు. పాఠం నేర్చుకొని పోయారు.

కోసేముందు డాక్టరు సూదితో గడ్డ చుట్టూ, గడ్డ మీదా తాకి, తెలుస్తోందా అని అడిగాడు. ప్రతిసారీ బావ తెలుస్తోందన్నాడు. నేను ఉండబట్టలేక, "మరి ఆ దినం దబ్బనం గుచ్చితే ఎట్ల తెల్వలే బావా?" అన్నాను.

"తెల్వకేంది? పాణం పోయినంత పనైంది."

"మరి చెయ్యెందుకు గుంజుకోలే?"

బావ నన్ను వింతగా చూశాడు, ఇది కూడా తెలియదా అన్నట్టు. "గుంజుకుంటె బేరం ఇరుగుతుండె గద. ఆ రైతుది కుప్పంత నేల మీద ఉండె. మొగులు కమ్ముకొచ్చింది, ఇగ చినుకులు పడుడే. తడిస్తె ఆ కుసుమలు ఎవడు కొంటడు? జెరంతసేపు ఓర్సుకున్న, అయిపాయె" అన్నాడు.

రెండేళ్లలో ఈ మాట ఒక్కసారి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఎవలడిగిన్రు?" అన్నాడు. అవును, ఎవరడిగారు? నేనడిగానా?

గడ్డ కోసి పళ్లెంలో పెట్టి చూపించారు. పసుపుపచ్చటి వెన్నముద్దలా ఉంది. అంతే. దాన్ని చూసి నేను భయపడ్డాను, దాన్ని చూసి మా అమ్మ విస్తరి జరిపింది, దాన్ని చూసి ఒక ఊరు ఒక మనిషి అన్నం తీసేసింది.

కట్టు విప్పాక డాక్టరు రాసిచ్చిన కాయితం పట్టుకొని నేను గంజ్‌కు పోయాను. నూనెమిల్లు సేటు దుకాణం ముందు నిలబడి గట్టిగా చదివి, తెలుగులో విడమరచి చెప్పాను. కుప్ప సంగతి, మొగులు సంగతి, అంతా చెప్పాను. సేటు తమలపాకు నములుతూ విన్నాడు. "కాయితాలు ఎవలన్న రాస్తరు. అంత నొప్పైతే ఎవడన్న ఊకుంటడా? నేను గుచ్చిన, నాకెరుక లేదా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. వేరేవాడి కుప్ప తడవకూడదని ఓర్చుకునే మనిషి ఒకడుంటాడని వాళ్లకు తోచలేదు. తోచకపోవడం వాళ్ల నేరమని నేను ఈరోజుకీ అంటాను.

బావ మళ్లీ గంజ్‌కు పోలేదు. అప్పటికి పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. నా ఫ్యాక్టరీకి దగ్గర్లోనే ఒక గది కిరాయికి తీసుకొని చిన్న కిరాణా దుకాణం పెట్టాడు. రోజూ సంగారెడ్డి నుంచి బస్సులో వచ్చేవాడు. బిహారు నుంచీ, ఒరిస్సా నుంచీ వచ్చిన కార్మికులు చాచా చాచా అంటూ ఎగబడేవారు. ఎవరేం కొన్నా ఒక బెల్లంముక్క తన చేత్తో వాళ్ల చేతిలో పెట్టేవాడు. కాయితంలో కట్టి ఇవ్వచ్చు కదా అంటే వినేవాడు కాదు. వాళ్లు దాన్ని అక్కడే నోట్లో వేసుకొనేవారు. అది చూడ్డానికే ఆ దుకాణం పెట్టాడేమో అని నాకు అనుమానం.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం విరామంలో ఆయన దుకాణంలో కూర్చొని, తొట్టెల నాటి సంగతి ఎత్తాను. తప్పు చేశాను బావా అన్నాను. ఆయన కందులు చెరుగుతూ తలెత్తకుండానే, "పిలగాడు మేల్కొనే ఉండె. నేను సూసిన. నీకు అబద్ధమాడ రాదు బామ్మర్దీ, జెర నేర్సుకో" అన్నాడు. నవ్వాడు కూడా. నేను నవ్వలేకపోయాను. ఆయన తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

తర్వాత గంజ్‌లో తువ్వాల బేరాలు సర్కారువాళ్లు ఆపించారు. అందరి ముందూ నోటితో వేలం పాడాలన్నారు. అప్పుడు పాత సేటొకాయన దుకాణానికి వచ్చి, "ఇప్పుడు చెయ్యితోని పనిలేదు, నోరుంటె సాలు, రారాదు" అని పిలిచాడు. బావ ఆయన చేతిలోనూ బెల్లంముక్క పెట్టాడు. "నా చెయ్యి వద్దన్న కాడ నా నోరెందుకు సేటూ?" అన్నాడు. బావ నోట నేను ఒక్క కటువు మాట విన్నది అప్పుడే. ఆ సేటు బెల్లం తినకుండా, పారెయ్యకుండా, పట్టుకొనే బస్సెక్కాడు.

ఇదీ మా బావ. ఇంతకంటే గొప్ప పనులేవీ చేయలేదు. ఊళ్లో ఆయన పేర సత్రం లేదు, శిలాఫలకం లేదు. ఒక పేరు మాత్రం ఉంది, అది ఊరు పెట్టింది.

ఆ రోజు బస్టాండు నుంచి తిరుగు బస్సులో సంగారెడ్డి చేరేసరికి వాకిలి నిండిపోయింది. అందరూ వచ్చారు. చెయ్యివ్వని సేట్లు వచ్చారు, తొక్కు తీసుకుపోని చుట్టాలు వచ్చారు. దేవుడసొంటి మనిషి అని ఒకరు, గంజ్‌కే వన్నె అని ఒకరు. నేను పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. అక్క బావ పక్కన కూర్చొని ఉంది. పొద్దున్నుంచీ ఏడవలేదని ఎవరో చెప్పారు.

నూనెమిల్లు సేటు కూడా వచ్చాడు. బాగా ముసలివాడయ్యాడు, ఇద్దరు రెక్కలు పట్టుకొని నడిపించుకొచ్చారు. చేతిలో పెద్ద చామంతిదండ. దండ వేయడానికి వంగుతూ, అందరికీ వినబడేటట్టు, "గంజ్‌ల ఇసొంటి మనిషి మల్ల పుట్టడు" అన్నాడు.

అక్క తలెత్తింది. తెల్లగుడ్డ కింద నుంచి బావ కుడిచెయ్యి బయటికి తీసి, బిగుసుకుంటున్న వేళ్లను ఒక్కొక్కటే విప్పి, అరచెయ్యి సేటు ముందు చాపింది.

"దబ్బనం తెచ్చినవా సేటూ?" అంది. గొంతు పెంచలేదు. "గుచ్చు. ఇయ్యాల గుచ్చు. ఇయ్యాలైతె నిజంగనే తెల్వది ఆయనకు."

సేటు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. పక్కవాళ్లు ఆయన్ను పట్టుకొని పక్కకు తీసుకుపోయారు. అక్క ఆ చేతిని మళ్లీ గుడ్డ కింద పెట్టలేదు. పాడె కట్టేదాకా తన ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. పూలు వేయడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఆ అరచెయ్యి చూస్తూ వంగవలసివచ్చింది. బొటనవేలి కింద సన్నటి తెల్లగీత ఒకటి ఉంది, అంతే.